సరిపడని లెక్కను వెదకిన మహనీయుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

పల్నాటి సీమలో సున్నపురాయి నెరుగనివారు లేరు. నాగులేటి చెంతనున్న దాచేపల్లి మొదలుకొని పిడుగురాళ్ల వరకు ఎచ్చట త్రవ్వినను పలకరాయి తగులుచునే యుండును. ఆ రాయి బట్టీలో కాలి సున్నమగును; సున్నము నీటితో కలిసి ఉడికి పొడియగును; ఆ పొడి గోడకెక్కి గట్టిపడును. తరతరములుగా కన్నులయెదుట జరుగుచున్న ఈ పనిలోనే రసాయనశాస్త్రపు మొదటి పాఠ మంతయు నిమిడియున్నది.

శుద్ధమైన సున్నపురాయి 100 పాళ్లు బట్టీలో వేసి పూర్తిగా కాల్చినచో చేతికివచ్చు సున్నము 56 పాళ్లు మాత్రమే. తక్కిన 44 పాళ్లు ఏమైనవి? కాలిపోయినవని జనులందురు. కాని పోలేదు. కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసినవి. ఆ వాయువును పట్టి తూచినచో సరిగా 44 పాళ్లే తూగును. 56 పాళ్ల సున్నము 18 పాళ్ల నీటిని త్రాగి 74 పాళ్ల తడిసున్నమగును. అది గోడమీద గాలినుండి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి, 18 పాళ్ల నీటిని విడిచి, తిరిగి 100 పాళ్ల సున్నపురాయి యగును. 74కు 44 చేర్చిన 118. 100కు 18 చేర్చిన 118. కొండలోని రాయియే గోడమీదికి వచ్చి నిలిచినది. నడుమ నష్టమేమియు లేదు. పద్దులు మాత్రము మారినవి.

ఈ న్యాయమును తక్కెడ సాయమున లోకమునకు స్థిరముగా చాటినవాడు ఫ్రాన్సుదేశీయుడైన లవోయిజే. ఆయన జీవనవృత్తి పన్నుల వసూలు సంస్థలో భాగస్వామ్యము. చర్యకు ముందున్న పదార్థముల తూకమును, చర్య ముగిసినపిదప నున్న పదార్థముల తూకమును జమాఖర్చులవలె సరిచూడవలెనని 1789లో ప్రకటించిన తన గ్రంథమున నిరూపించెను. ఆ దేశపు విప్లవకాలమున, పన్నుల వ్యవహారమే నేరమై, 1794 మే 8వ తేదీన ఆయన శిరస్సు ఖండింపబడెను. ఆయన నేర్పిన లెక్క మాత్రము నిలిచినది.

ఆ లెక్కను వ్రాయు పద్ధతికే రసాయన సమీకరణమని పేరు. ఎడమవైపున చర్యలో పాల్గొను పదార్థములను, కుడివైపున పుట్టిన పదార్థములను వ్రాయుదురు. ఎడమనున్న ప్రతి మూలకపు పరమాణువుల సంఖ్యయు కుడినున్న సంఖ్యతో సమానము కావలెను. ఉదజని, ఆమ్లజని వాయువులు కలిసి నీరగు చర్యను చూడుడు. ఉదజని అణువులో రెండు పరమాణువులు, ఆమ్లజని అణువులో రెండు పరమాణువులు; నీటి అణువులో ఉదజని రెండు, ఆమ్లజని ఒకటి. ఒక్కొక్క అణువు వ్రాసినచో ఆమ్లజని ఒకటి మిగిలిపోవును. దానిని కొట్టివేయరాదు. నీటి అణువుకు మరియొక ఆమ్లజనిని తగిలించి సరిపెట్టనురాదు; అట్లు చేసినచో అది నీరు కాక వేరొక పదార్థమగును. నాణెమును కత్తిరించి లెక్క సరిచేయుట తప్పు. నాణెముల సంఖ్యను మార్చుటయే ఒప్పు. కావున ఉదజని అణువులు రెండు, ఆమ్లజని అణువొకటి కలిసి నీటి అణువులు రెండగునని వ్రాయవలెను. అప్పుడు రెండువైపులను ఉదజని నాలుగు, ఆమ్లజని రెండు. తూకమున 4 పాళ్లు, 32 పాళ్లు కలిసి 36 పాళ్లు.

రాయికిని నీటికిని వర్తించు ఈ లెక్క మనుష్యుని కండకును, నెత్తురునకును వర్తించునా? వర్తించునని చూపి, సరిపడని యొక చిన్న తేడాను పట్టుకొని దేహములోని గొప్ప రహస్యమును వెలికితీసినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడు. ఆయనయే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. పెద్ద కుటుంబము, చిన్న రాబడి. బాల్యమున ఆయనకు చదువుపై కుదురు లేదు. పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని బయలుదేరెననియు, తల్లి పట్టి తెప్పించెననియు చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువుచున్న కాలమున ఇంట మరణములు సంభవించి చదువు దెబ్బతినెను. రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి మెట్రిక్యులేషన్ గట్టెక్కిరి. కుమారుని చదువు విషయమున వెంకమ్మగారి పట్టుదల ఎన్నడును సడలలేదు. ఆయన సన్న్యాసము పుచ్చుకొనవలెనని రామకృష్ణ మఠమువైపు మొగ్గినప్పుడును ఆ తల్లి అంగీకరింపలేదు.

పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు ముగించి మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ఖర్చులకు సాయపడిరి. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాలయమున సైతము ఖద్దరు వస్త్రము ధరించిరి. శస్త్రవైద్య ఆచార్యునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలు చక్కగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను.

ఆ దినములలోనే స్ప్రూ అను వ్యాధి ఆ కుటుంబమును పట్టుకొనెను. ఆ వ్యాధియందు తిన్న అన్నము ఒంట పట్టదు. విరేచనములై, నెత్తురు పలుచనై, మనుష్యుడు క్షీణించిపోవును. సుబ్బారావుగారి సోదరు లిరువురు దానికే బలియైరి. ఆయనకును సోకెను. ఆయుర్వేద భిషగ్వరులైన ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించిరి. అన్నములోని ఏ పదార్థము కొరవడి సోదరులు మరణించిరో ఆనాడు ఆయనకు తెలియదు, లోకములో నెవ్వరికిని తెలియదు. ఆ లెక్క ఇరువదియేండ్లకు పైగా తెగక నిలిచినది.

ఉష్ణదేశ వ్యాధులను నేర్చుకొను తలంపుతో 1920ల తొలి యేండ్లలో సుబ్బారావుగారు అమెరికాకు పయనమైరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ సాయము చేయుదునని మాట యిచ్చెను. మామగారు కొంత ధనము సమకూర్చిరి. భార్య శేషగిరిగారిని ఇంట విడిచి వెడలిరి. బోస్టను నగరమున దిగునప్పటికి చేతిలో మిగిలినది స్వల్పము. హార్వర్డు విశ్వవిద్యాలయమున పగలు చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కూలిపని. ఇట్లు కాలముగడిపి పట్టమును సంపాదించి, అచ్చటనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునికడ పనిలో కుదిరిరి.

అచ్చట ఆయనకు లభించిన పని నెత్తురులోను కండలోను గల భాస్వరమును లెక్కించుట. ఎముకలోను కండలోను ఉండు ఈ మూలకమును కొలుచు మార్గములు అప్పటికి కష్టసాధ్యముగా నుండెను. ఫిస్కే, సుబ్బారావుగార్లు 1925లో నూతన పద్ధతిని ప్రకటించిరి. భాస్వరమున్న ద్రవములో మాలిబ్డెనము లవణమును, మరియొక ద్రావకమును కలిపినచో నీలవర్ణ మేర్పడును. భాస్వర మెంత యెక్కువయో నీలమంత చిక్కన. ఎంత భాస్వరమున్నదో ముందే తెలిసిన ద్రవపు నీలముతో పోల్చి, పరీక్షింపదలచిన ద్రవములోని పరిమాణమును నిర్ణయింపవచ్చును. ఈ పద్ధతి వారిరువురి పేరనే ప్రసిద్ధికెక్కి తరతరముల విద్యార్థులకు పాఠమైనది.

ఇక ఆ చిన్న తేడా. కండను చల్లని ఆమ్లద్రవములో నూరి, వడగట్టి, ఈ నీలపరీక్ష చేయగా రంగు రావలసిన వేళకు రావలసినంత రాలేదు. ఆగి చూచినకొలది, అరగంటదాక చిక్కనగుచునే యుండెను. తేటయైన భాస్వర ద్రవములో ఇట్లు జరుగదు. ఇతరుడైనచో పరీక్ష పాడయినదని ద్రవమును పారబోసి మరల మొదలుపెట్టెడివాడు. వీరట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా పెరుగుచున్నదన్నచో భాస్వరము మొదట విడిగా లేదన్నమాట. మరియొక పదార్థముతో ముడివడియుండి, పరీక్షలోని ద్రావకముల ప్రభావమున ఆ ముడి కొంచెము కొంచెముగా విడిపోవుచున్నదన్నమాట. అంతవరకు శాస్త్రజ్ఞులు విడి భాస్వరమని పద్దు వ్రాసియుంచినదానిలో పెద్దభాగము విడిది కానేకాదు.

ఆ ముడిలోని రెండవ పాలివాడెవరు? వెదకగా క్రియాటిన్ అను పదార్థమని తేలినది. భాస్వరామ్లపు అణువొకటికి క్రియాటిన్ అణువొకటి చొప్పున జతగా నున్నది. ఆ జంటకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరిడి 1927లో ప్రకటించిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఇట్టి పదార్థమొకటి కండలో గలదని వేరుగా కనుగొనిరి.

ఈ చర్యను సున్నపురాతి లెక్కవలెనే వ్రాసి చూతము. ఫాస్ఫోక్రియాటిన్ అణువులో కర్బనము 4, ఉదజని 10, నత్రజని 3, ఆమ్లజని 5, భాస్వరము 1. అది నీటి అణువొకదానితో కలిసి విడిపోవును. నీటిలోని ఉదజని 2, ఆమ్లజని 1 చేర్చినచో ఎడమవైపు మొత్తము కర్బనము 4, ఉదజని 12, నత్రజని 3, ఆమ్లజని 6, భాస్వరము 1. కుడివైపున పుట్టినవి క్రియాటిన్, భాస్వరామ్లము. క్రియాటిన్‌లో కర్బనము 4, ఉదజని 9, నత్రజని 3, ఆమ్లజని 2. భాస్వరామ్లములో ఉదజని 3, భాస్వరము 1, ఆమ్లజని 4. కూడి చూడుడు: ఉదజని 9, 3 కలిసి 12, ఆమ్లజని 2, 4 కలిసి 6. తక్కినవి యథాతథము. తూకమున 211 పాళ్లకు నీరు 18 చేర్చిన 229. క్రియాటిన్ 131కు భాస్వరామ్లము 98 చేర్చిన 229. బట్టీలోని రాతికి వర్తించిన ధర్మమే జీవించియున్న కండకును వర్తించినది.

దీని ఫలము సామాన్యమైనది కాదు. కండ పనిచేసినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తరుగుట, విశ్రమించినప్పుడు మరల పెరుగుట వారు చూచిరి. అంతవరకు కండ ముడుచుకొనుటకు లాక్టికామ్లమే మూలమని లోకమున ప్రతిష్ఠితమైన మతము. కండను గూర్చిన పరిశోధనలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము హిల్, మేయర్‌హోఫ్ అను పండితులకు లభించియుండెను. బోస్టనులోని నీలిరంగు ఆ మతమును కదలించినది. 1930లో డెన్మార్కుదేశీయుడైన లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లము పుట్టకుండ చేసినను కండ కొంతసేపు పనిచేయునని చూపుటతో ఆ మతము నిలువలేకపోయెను.

1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండనుండి మరియొక భాస్వర పదార్థమును వేరుచేసిరి. అదియే ఎ.టి.పి. అని నేడు ఉన్నత పాఠశాల బాలురుసైతము ఎరిగిన పదార్థము. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అనునాయనయు దానిని కనుగొనెను. ఎ.టి.పి. అణువులో మూడు భాస్వరపు కూటము లొకదాని వెంట నొకటి వరుసగా నుండును. నీటితో చర్యనొంది చివరి కూటము విడినప్పుడు కండకు కావలసిన శక్తి వెలువడును. ఎ.టి.పి. చేతిలోని రొక్కము వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ గాదెలోని నిల్వ వంటిది. రొక్కము ఖర్చు కాగానే నిల్వనుండి భాస్వరము వచ్చి ఎ.టి.పి.ని మరల నింపును. నాగలి పట్టిన చేయి, రోకలి యెత్తిన చేయి, కలము పట్టిన చేయి అన్నియు ఈ జమాఖర్చులమీదనే ఆధారపడియున్నవి.

1930లో సుబ్బారావుగారికి హార్వర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నొసగెను. కాని స్థిరమైన ఉద్యోగము నొసగలేదు. పదేండ్లు గడచినను ఆయన స్థానము ఊగిసలాడుచునే యుండెను. ఇంటివద్దను లెక్క సుఖముగా లేదు. ఆయన పరదేశమున నుండగనే ఆ దంపతుల ఏకైక శిశువు పసితనమున కన్నుమూసెను. నేడో రేపో తిరిగి వత్తునన్న తలంపు ఏటికేడు వాయిదా పడుచు వచ్చెను.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ఔషధశాలలో చేరి, క్రమముగా పరిశోధనాధిపతియైరి. పాతబాకీ తీర్చు అవకాశ మచ్చట లభించెను. 1930 ప్రాంతమున ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణీస్త్రీలను పరీక్షించి, నెత్తురు పలుచబడిన వారికి పులిసిన ఈస్టు సారము నిచ్చిన గుణమిచ్చుచున్నదని కనుగొనెను. ఆ సారములో గుణమిచ్చు వస్తువేదో తెలియదు. కాలేయములోను అట్టి వస్తువు కలదని ఎరిగిన సుబ్బారావుగారు దానిని వేరుచేయుటకు తన బృందమును నడిపించిరి. అది మూడు భాగములు కలిసిన పదార్థమని తేలెను. ఆ మూడింటిని కూర్చి కర్మాగారమునందే దానిని తయారుచేయు మార్గము 1945లో ప్రకటితమైనది. ఫోలికామ్లము అని దాని పేరు. గర్భిణీస్త్రీలకు నేడు ప్రతి ఆరోగ్యకేంద్రమున ఇనుముతో కూడ ఇచ్చు మాత్రలోనిది ఇదియే. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికిని ఇదియే ఔషధమని తేలినది. వెంకమ్మగారి యింట తెగని లెక్క భూగోళమునకు ఆవలివైపున తెగినది. కాని సోదరుల కందుటకు మిక్కిలి యాలస్యమైనది.

సమీకరణములో ఒక్క పాలు తేడా ఎంతటిదో ఫోలికామ్లమే మరల చూపినది. ఫోలికామ్లపు అణుభారము 441. దానిలో ఆమ్లజని, ఉదజని కలిసిన 17 పాళ్ల కూటము నొకదానిని తీసి, ఆ స్థానమున నత్రజని, ఉదజనులు గల 16 పాళ్ల కూటమును నిలిపినచో అమినోప్టెరిన్ అను పదార్థమగును. దాని భారము 440. తేడా ఒక్క పాలు. ఆ పాలు తేడాచే, నెత్తురును పెంచు ఆహారము నెత్తురు కణముల పెంపును ఆపు అడ్డుకట్టయైనది. తెల్లకణములు మేరమీరి పెరుగు రక్తపుకేన్సరు పిల్లలకు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఈ మందు నిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. పదునారుగురు పిల్లలలో పదిమందికి తాత్కాలికముగా గుణము కనిపించెను. అంతకుముందు ఆ వ్యాధికి ఆశయే లేదు. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని కేన్సరు చికిత్సలోను కీళ్లవాతమునందును వాడుకలో నున్నది.

ఆ ఔషధశాలలోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి ప్రోత్సాహముతో మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. 1947లో హెట్రజాన్ అను మందు వెలువడినది. అది బోదకాలునకు మూలమైన ఫైలేరియా పురుగులపై పనిచేయును. సుబ్బారావుగారు పుట్టిన గోదావరి సీమలో ఆ వ్యాధి ఎన్ని కుటుంబములను కుంటుపరచెనో చెప్ప నక్కరలేదు. ఆయన ఆ సీమకు తిరిగి రాలేదు. ఆయన మందు వచ్చినది.

1948 ఆగస్టు నెలలో న్యూయార్కు నగరమున సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 ఏండ్లు. స్వతంత్రమైన స్వదేశమును ఆయన చూడలేదు. శేషగిరిగారు భర్తను మరల చూడలేదు.

ఆయన కీర్తి లెక్క మాత్రము చిరకాలము సరిపడలేదు. ఫోలికామ్లమును గూర్చిన ప్రకటనలో ఆయన పేరు అనేకుల పేర్లనడుమ నొకటి. ఆరియోమైసిన్ డగ్గరు పేరను, అమినోప్టెరిన్ ఫార్బరు పేరను నిలిచినవి. పనిచేసినవారిని ముందు నిలిపి తాను వెనుక నుండుట ఆయన స్వభావము. 1953లో ఒక బూజుజాతికి ఆయన పేరు పెట్టిరి. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను. పద్దు ఆలస్యముగానైనను జమకు వచ్చినది. ఇంకను పూర్తి కాలేదు.

మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పిన బాలుడు, పట్టము తగ్గింపబడిన విద్యార్థి, రాత్రివేళ పాత్రలు కడిగిన కూలివాడు లోకమునకు నేర్పిన దొక్కటి: లెక్క సరిపడనప్పుడు అంకెను దిద్దరాదు, ద్రవమును పారబోయరాదు, ఆ తేడాను చేతబట్టి మూలమువరకు నడువవలెను. గ్రంథాలయపు బల్లమీద రసాయనశాస్త్ర వాచకమును తెరచి, సమీకరణమున ఒక ఆమ్లజని మిగిలిపోయినదని విసుగుచెందు బాలబాలికలు ఒక్కక్షణము ఆగుదురుగాక. మిగిలిన ఆ యొక్కటి ఎచ్చటిదని అడిగి చూచుకొందురుగాక. బోస్టనులో అరగంటసేపు నీలిరంగును చూచుచు సుబ్బారావుగారు అడిగిన ప్రశ్నయు అదియే.